మూడింట ఒక వంతు

రాయచోటిలో మాది పరుపుల అంగడి. మా నాయన దూది ఏకేవాడు, నేను పరుపులు కుట్టించి అమ్ముతాను. లెక్కల్లో నేనేమీ పండితుణ్ణి కాను. అయినా ఐదో తరగతిలో మా పాప తెచ్చిన లెక్కల పరీక్ష పేపరు చూసిన రోజు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ప్రశ్న సులువే. కొన్ని చదరాలు గీసి, ఒక్కోదాన్ని మూడు ముక్కలు చేసి, ఒక ముక్కకు రంగు వేశారు. మూడింట ఒక వంతుకు రంగు ఉన్నవేవో గుర్తించమన్నారు. మా పాప అన్నింటికీ టిక్కు పెట్టింది. ఒక చదరంలో రంగు వేసిన ముక్క అరచేయంత ఉంటే, మిగతా రెండూ చిటికెనవేలంత ఉన్నాయి. దానికీ పెట్టింది. సారు ఎర్ర సిరాతో కొట్టేశారు.

"సారు చెప్పినట్టే కదా నాయనా నేను పెట్టింది," అని సారు మాటలు ఉన్నవున్నట్టు అప్పజెప్పింది కూడా. "ఒక వస్తువును మూడు భాగాలు చేస్తే, అందులో ఒక భాగమే మూడింట ఒక వంతు." ఎక్కడా తడుముకోలేదు. ఆ వాక్యంలో సమానం అన్న మాట లేదు. లేని మాటను పిల్ల ఎక్కడినుంచి తెచ్చుకోవాలి?

మర్నాడు అంగడి తెరవకుండా బడికి వెళ్ళాను. సారు నవ్వారు. "సమానమని మళ్లా వేరే చెప్పల్లనా అప్పా? భాగమంటేనే సమానం కదా!"

"ఎట్ల సార్? మా ఇల్లు రెండు భాగాలు చేసినారు. మా అన్న భాగానికి వీధి వాకిలి వచ్చె, నా భాగానికి పక్కింటోళ్ల గోడ వచ్చె. రెండిటినీ భాగమనే అంటాండారు గదా!"

సారు నవ్వు ఆగిపోయింది. ఇకమీదట ఆ మాట చేర్చి చెబుతానన్నారు. నేను గెలిచిన సంబరంతో ఇంటికి వచ్చి, ఒక రొట్టె తీసుకుని సమానంగా తుంచి పాపకు చూపించాను. "అట్లయితే, సమానంగా లేకుంటే అది వంతే కాదా?" అని అడిగింది. కానే కాదని గట్టిగా చెప్పాను.

ఆ తర్వాత కొన్నాళ్లకే బక్రీదు వచ్చింది. మా ఇంట్లో కుర్బానీ మాంసం పంచేది మా అమ్మ. చాప మీద కూర్చుని ముందర మూడు బేసిన్లు పెట్టుకుంటుంది. ఇంటికొకటి, చుట్టాలకొకటి, లేనివాళ్లకొకటి. బిస్మిల్లా అనుకుని చేతులతోనే వేస్తుంది, తూకం వేయదు. అంగడిలో దూది తూచే కాటా ఉన్నా ఆ పనికి దాన్ని ఎవరూ ముట్టుకోరు. అల్లా పేరున ఇచ్చేదానికి కాటా ఏందని అమ్మ కసురుకుంటుంది.

పాప వచ్చి బేసిన్ల ముందు గొంతుక్కూర్చుంది. "జేజీ, ఇవి మూడింట ఒక వంతులు కావు. మనది పెద్దగా ఉండాది."

మా అంగడికి దిండ్ల గలీబులు కుట్టిచ్చే ఆమె అప్పటికే సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఏటా లేనివాళ్ల భాగంలోంచి తీసుకుపోయే మనిషే. "ఊరుకో పాపా, నాకు ఇదే శానా," అంది నేల చూపులు చూస్తూ. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు.

"ఇన్నేండ్లు నేను ఇచ్చింది ఇచ్చినట్టు కాదంటావా? అల్లా దగ్గర కబూలు కాలేదంటావా?" అని సాయంత్రం నన్ను అడిగింది. అదేం లేదన్నాను. నా మాటలో బలం లేదని ఆమెకు తెలిసిపోయింది. పాప మూలన కూర్చుని ఏడ్చింది. తను అబద్ధం చెప్పలేదు, అయినా జేజి దగ్గరికి పోవడానికి జంకింది. రోజూ జేజి పక్కనే పడుకునే పిల్ల చాప తెచ్చి మా గదిలో వేసుకుంది. వాళ్లిద్దరూ ముఖాలు తప్పించుకుని తిరుగుతుంటే నాకు దిగులు పట్టుకుంది. సారు మీద మళ్లీ కోపం వచ్చింది. ఈసారి వెళ్లి ఏమని పోట్లాడాలి?

ఆ ఏడంతా అట్లాగే గడిచింది. మరుసటి బక్రీదుకు అమ్మే నోరు విప్పింది. "కాటా తీస్కరా. పాపతోనే పంచిపిస్తా."

నాకు ప్రాణం లేచి వచ్చింది. కాటా శుభ్రంగా కడిగి తెచ్చాను. పాప నాలుక కొరుక్కుంటూ ఒక్కో బేసినూ నింపింది, తీసింది, మళ్లీ వేసింది. ముందు ఇంటిది, తర్వాత చుట్టాలది, చివరికి లేనివాళ్లది. మూడింటికీ ముల్లు ఒకేచోట ఆగింది. గలీబులామె రాగానే పాప సంచి అందుకుని తనే నింపింది. "ఈసారి మీకు సరిగ్గా వంతు ఉండాది అత్తా!"

సంచి మూతి ముడివేయబోయి అమ్మ చేయి లోపల పెట్టి చూసింది. ఒక ముక్క తీసింది. ఇంకోటి తీసింది. అన్నీ ఎముకలే.

"ముల్లు నిజమే చెప్పింది తల్లీ," అంది మెల్లగా. "బొక్కలకూ బరువుంటాది."

పాప ఇంటి బేసిన్లోకి చూసింది. అందులో మెత్తటి కండ నిండుగా ఉంది. దాని ముఖం వాడిపోయింది. "సమానంగానే వేసినా కదా నాయనా. మరి సమానమంటే ఏంది?"

నేను బడికి పోయి పోట్లాడి చేర్పించిన మాట అది. అమ్మ సంచిలోదానితో సహా అన్నింటినీ పళ్లెంలో ఒకే కుప్పగా బోర్లించి, పాపను దగ్గరికి లాక్కుని మళ్లీ మొదలుపెట్టింది.

గుమ్మంలో గలీబులామె ఖాళీ సంచి మడత పెట్టుకుంది. "పాపకు నేర్పించుకోమ్మా," అంది, "నేను మళ్లా వస్తాలే."