రెండో క్యాన్

పంపిన మాట అవతలికి చేరిందో లేదో తెలియకపోతే సత్యకు అన్నం సయించదు. ఫోన్లో అమ్మకు ఏదైనా చెప్తే, అమ్మ "సరే" అంటే చాలదు. "ఏం చెప్పినానో చెప్పు" అని మళ్ళీ చెప్పించుకుంటుంది. ఆటోవాడికి దారి చెప్పినా అంతే. ఈ పిల్లకు చాదస్తం అని వీధంతా తేల్చేసింది. పెళ్ళిచూపులకు వచ్చిన ఒకరిద్దరు జంకి వెళ్ళిపోయారు కూడా. చివరికి ఆ చాదస్తానికే జీతమిచ్చేవాళ్ళు దొరికారు.

తమిళనాడులోని ధర్మపురి బస్టాండు వెనక, టైర్ల కొట్టు మీది గదిలో ఆమె పని. ఒక ప్రైవేటు పాల కంపెనీ తన వ్యవహారమంతా క్లౌడ్‌లోకి మార్చింది. పిక్కిలి, బి. మల్లాపురం, మహేంద్రమంగళం లాంటి ఊళ్ళ పాల సెంటర్లలో తూకమూ వెన్నా చూసే మిషన్లు ఉన్నాయి. ఆ మిషన్ చెప్పే మాట క్లౌడ్‌కు క్షేమంగా, ఒక్కసారే, మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టకుండా చేరాలి. ఆ దారి వేయడమే సత్య ఉద్యోగం.

ఆమె రాకముందు ఆ దారిని చూస్తే ఏడవాలో నవ్వాలో తెలిసేది కాదు. అన్ని ఊళ్ళకూ ఒకటే పాస్‌వర్డు. అదైనా దాచుకున్నారా అంటే, ప్రతి సెంటర్లోనూ దేవుడి పటం పక్కనే గోడ మీద సుద్దతో రాసిపెట్టారు. సత్య ఆ రాతలన్నీ తుడిపించి, ఏ మిషన్ తాళం ఆ మిషన్‌కే ఇచ్చింది. ఒక తాళం దొంగ చేతిలో పడితే దాన్నొక్కదాన్నే రద్దు చేస్తే చాలు, మిగతా ఊళ్ళ పని ఆగదు. క్లౌడ్ నుంచి "అందింది" అని జవాబు వచ్చేదాకా మిషన్ మళ్ళీ మళ్ళీ పంపుతూనే ఉండేలా చేసింది. అచ్చం ఆమె బుద్ధే మిషన్‌కు పట్టింది.

చిక్కు అక్కడే వచ్చింది. కరెంటు పోయి వస్తే పాత మిషన్ల గడియారం తప్పుతుంది. ఇందాక పంపిన మాటనే కొత్త టైముతో మళ్ళీ పంపుతాయి. ఒక క్యాన్ పాలు క్లౌడ్‌లో రెండు క్యాన్లయి కూర్చుంటాయి. ఏది నిజం పాలో, ఏది పాత మాటో ఎలా తేల్చాలి? సత్య గదిలో అటూ ఇటూ తిరిగి తిరిగి, కంపెనీ మేనేజర్ ధనశేఖర్‌ను అడిగింది. "ఇంటికో కార్డు, పూటకో క్యాన్. ఇంత ఆలోచన ఎందుకమ్మా?" అన్నాడాయన తమిళంలో. నిజమే అనిపించింది. ఒక కార్డు మీద ఒకే పూటలో రెండోసారి ఏ మాట వచ్చినా అది రిపీట్ అని పక్కకు తోసేయమని రాసేసింది. ముందు తన సొంత ఊరు మహేంద్రమంగళంలోనే మొదలుపెట్టారు. అక్కడ సరిగ్గా నడిస్తే వచ్చే సోమవారం నుంచి అన్ని ఊళ్ళలోనూ.

ఆ వారంలోనే అమ్మ మునియమ్మాళ్ ఫోన్ చేసింది. "పాపా, నేను రెండు క్యాన్లు పోసినాను. ఫోన్లో ఒకటే పోసినట్లు వచ్చింది."

సత్య కంపెనీ వాళ్ళతో మీటింగులోకి వెళ్ళబోతోంది. "మిషన్ అబద్ధం చెప్పదు మా. నువ్వే మరిచి ఉంటావు."

"సరేలే పాపా" అని పెట్టేసింది మునియమ్మాళ్. ఎవరినైనా రెండుసార్లు అడిగే సత్య ఆ రోజు ఇంకో మాట అడగలేదు.

అడగనందుకు లోపల ఒకటే పీకులాట. మీటింగులో అందరూ మెచ్చుకుంటున్నా ఆమె చెవికి ఎక్కలేదు. తర్వాత పక్కకు తోసిన మాటల్ని తెరిచి చూసింది. అమ్మ కార్డు మీద వరసగా పూటపూటకూ ఒకటి పడి ఉంది. కరెంటు పోలేదని టెస్టింగులో తను రాసుకున్న రోజుల్లో కూడా ఉంది. కరెంటు పోకుండా రిపీట్ ఎందుకొస్తుంది? ఆదివారం పొద్దున్నే ఊరికి పోయే పాలక్కోడు బస్సెక్కింది. కిటికీ పక్కన సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు.

మునియమ్మాళ్ వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది. మొగుడు హొసూరులో కట్టడం పనికి పోయాడు, ఇంట్లో ఒక్కతే. కూతుర్ని చూసి లేవలేదు.

"సెంటర్‌కి పోతా ఉండావా మా?"

"ఎందుకు పోయేది? సావు ఇంటి పాలు మింగినదాన్ని కదా నేను. మన పాలు టీ అంగడికి పోస్తా ఉండాను."

సత్యకు ఇప్పుడు అర్థమైంది. పక్కింటి మాదేశ్వరి అత్త మొగుడు ధర్మరాజ్ మామ పోయాడన్న కబురు విని ఫోన్లో ఏడ్చింది తనే. ఏడ్చిందే గాని, ఆ ఇంటి ఆవు సంగతి తట్టలేదు. ఈ తెలుగు వీధిలో మనిషి పోతే, మైల తీరే కరుమాది కర్మ ముగిసేదాకా ఆ ఇంటివాళ్ళు పాల సెంటర్ గడప తొక్కరు. వాళ్ళ కార్డు మీద పాలు పోయరు. మైల మనుషులకే, ఆవుకు లేదు కదా, అది రెండు పూటలా పాలిస్తూనే ఉంటుంది. అందుకని పక్కింటామె ఆ క్యాన్‌ను కూడా తీసుకుపోయి, తన పాలలో కలపకుండా, తన కార్డు మీదే విడిగా పోస్తుంది. చిన్నప్పుడు సత్య కూడా అలాంటి క్యాన్లు మోసింది. ఆ రెండో క్యాన్‌నే ఇప్పుడు తన చేత్తో పారబోసింది.

"మాదేశ్వరి అత్త ఏమనింది మా?"

"నా ఫోన్లో ఒకటే క్యాన్ పడింది చూసి ఏమీ అనలే. తిట్టి ఉంటే బాగుండు. క్యాన్ ఎత్తుకోని ఎదురింటికి ఇచ్చింది. మూడు తలకట్లుగా, తాతల నాటినుంచి పక్కపక్కన ఉండాము, ఒక్క మాట అడగలే." గింజలు చేటలోకి విసిరింది. "నేను నీకు చెప్పినాను. నువ్వు మిషన్ మాట విన్నావు."

సత్య అక్కడే నిలబడి ధనశేఖర్‌కు ఫోన్ చేసింది. తప్పు తనదేనని, సోమవారం మొదలుపెట్టొద్దని చెప్పింది. ఆయనకు కోపం వచ్చింది. "ఒక వీధి ఆచారం కోసం అన్ని ఊళ్ళూ ఆపాలా?"

"ఇంకో ఊళ్ళో ఇంకో కారణం ఉంటుంది సార్. తూకం వేసిన క్షణంలోనే ఒక్కో క్యాన్‌కు ఒక్కో నంబరు పడాలి. మిషన్ పక్కన దానికొక చిన్న పెట్టె పెడతాను. అదే నంబరు మళ్ళీ వస్తే రిపీట్. వేరే నంబరు వస్తే అవి నిజం పాలు."

"ఆలస్యమైతే ఈ పని నీకు ఉండదు. తెలుసా?"

"తెలుసు సార్. ఆపుతారు కదా? ఒక్కసారి మీ నోటితో చెప్పండి."

విసుక్కుంటూనే ఆపుతానన్నాడు. తోసేసిన మాటల్ని సత్య చెరిపేయలేదు, విడిగా ఉంచింది. ఆ వ్యవహారంలో ఆమె చేసిన తెలివైన పని అదొక్కటే. లాప్‌టాప్ తెరిచి వాటినన్నిటినీ తిరిగి లెక్కలో చేర్చింది. కాసేపటికి అమ్మ ఫోన్ మోగింది, రెండు క్యాన్లూ అందాయని.

మునియమ్మాళ్ దానివైపు చూడను కూడా చూడలేదు. "ఫోన్ నాకు చెప్తే ఏమి? మాదేశ్వరికి ఎవరు చెప్పేది?"

సాయంత్రం పాల వేళకు సత్య మాదేశ్వరి ఇంటికి పోయింది. మునియమ్మాళ్ వెంట వచ్చింది గాని వాకిలి దాటి లోపలికి రాలేదు. లోపల చాప మీద వీధి ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. గోడకు ఆనుకుని మాదేశ్వరి, పక్కనే నిండు క్యాన్.

"అత్తా, మా అమ్మ మీ పాలు ముట్టలేదు. అంతా పోసింది. రెండోసారి వచ్చినదాన్ని లెక్కలో పెట్టుకోవద్దని మిషన్‌కి చెప్పింది నేను."

ఒక ముసలామె మెల్లగా అడిగింది. "మీ అమ్మ నీకు చెప్పలేదా?"

"చెప్పింది. నేను నమ్మలే."

ఆ మాట అనగానే ఏడుపొచ్చేసింది. అందరి ముందూ సిగ్గుగా ఉన్నా ఆపుకోలేకపోయింది. మాదేశ్వరి ఆమెవైపు తిరిగింది.

"కడుపున పుట్టినదానివి నువ్వే నమ్మలే. నేనూ ఫోన్‌నే నమ్మినాను," అంది.

మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, క్యాన్ పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. వీధిలో తలవంచుకుని నిలబడ్డ మునియమ్మాళ్ ముందు ఆగింది.

మునియమ్మాళ్ చెయ్యి చాపింది. "ఇటు ఇయ్యి వదినా. ఈ ఎండకి పాలు విరిగిపోతాయి."