ఐసులో చేప

ఏడో తరగతితో బడి మానేసిన నాకు మూడొందల మార్కులొచ్చింది షుగరు పరీక్షలోనే. ఓ పొద్దున రేపల్లె నుంచి తెనాలి వెళ్ళే రైల్లో ఒళ్ళంతా చెమటలు కారుతున్నా జోకులేస్తున్నాను. నొప్పి లేదు, కాస్త ఆయాసం, అంతే. ఎదురుగా చేపలబుట్టతో కూర్చున్న పెద్దావిడ గబుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"ఐసులో చేపలా ఉందేంటి అబ్బాయ్! షుగరుందా?"

"ఉంది పిన్నీ, నీకూ కాస్త పెట్టనా?"

"మా ఆయనా ఇలాగే నవ్వాడు. నొప్పి లేదు, చెమటే. సాయంత్రానికి మనిషి లేడు. పద ఆస్పత్రికి!"

తెనాలిలో బుట్ట ప్లాట్‌ఫాం మీదే వదిలేసి, నా చెయ్యి మాత్రం వదలకుండా ఆటో ఎక్కించింది. గుండెనాళంలో రక్తం గడ్డకట్టిందనీ, షుగరున్నవాళ్ళకి నొప్పి తెలియకపోవచ్చనీ, వేళకొచ్చి బతికాననీ డాక్టరుగారన్నారు. అప్పటికే ఆమె వెళ్ళిపోయింది. పేరైనా అడగలేదు.

"పరాయి ఆడమనిషి నా చెయ్యి వదల్లేదు తెలుసా!" అని ఇంటికొచ్చాక గొప్పలు పోయాను.

"అలాగే తీసుకెళ్ళిపోవాల్సింది. మీ చేత మాత్రలు మింగించే చాకిరీ నాకు తప్పేది!" అంది మా ఆవిడ.