నడుము చూపించడానికి రుస్తాఖ్ నుంచి ఖురం దాకా

రెండువేల ఎనిమిది మార్చిలో ఒక గురువారం, పొద్దున్న ఆరింటికి రుస్తాఖ్ టాక్సీ స్టాండుకి చేరాం. నేను ఆ గల్ఫ్ ఊళ్లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్ కీపర్‌ని, మాది తణుకు. నాతో ఉన్న రాజన్నది జగిత్యాల వైపు, మా సైట్‌లోనే తాపీ పని. ఇరవై రోజులుగా అతనికి నడుము నొప్పి. శనివారం మా ఇంజనీరు కొత్త సైట్‌కి మేస్త్రీని ఎంచుతాడు. ఆరేళ్లుగా ఆ పని కోసం ఎదురుచూస్తున్న మనిషి ఆ రోజు నిటారుగా నిలబడి కనిపించాలి. ఖురంలో ఒక అమెరికన్ ఆస్టియోపతీ డాక్టరమ్మ పోయినేడు పట్టేసిన నా మెడని పావుగంటలో చేత్తో వదిలించింది. ఆ ధీమాతో నేనే పూచీపడి బయల్దేరదీశాను.

బర్కా దాకా షేర్ టాక్సీ, మనిషికి ఆరువందల బైసాలు, అంటే అక్కడి పైసలు. రాజన్నని ముందు సీట్లో కూర్చోబెట్టాను. వెనక నా పక్కన ఖాసింబీ అని, కడప జిల్లా ఆవిడ, ఖురంలో ఒక ఇంట్లో వంట చేస్తుంది. మా ప్రయాణం సంగతి విని, "మా పక్క ఎముకిరిగితే పుత్తూరు కట్టు కట్టిచ్చుకుంటారు. ఆయమ్మా అట్లనే కడతాదా అన్నా?" అని అడిగింది. అలాంటిదే, కాకపోతే అమెరికాలో చదివిన చెయ్యి అన్నాను. తెలియకపోయినా చెప్పేయడం నాకు మొదటినుంచీ ఉన్న జబ్బు.

ఏడుంపావుకి బర్కా. పరాటా, చాయ్. రాజన్న నిలబడే తాగాడు. అక్కణ్ణించి వ్యాన్‌లో ఎనిమిదీ నలభైకి ఖురం. రోడ్డు మీద దిగితే క్లినిక్ ఐదు నిమిషాల నడక, మాకు ఇరవై పట్టింది.

బోర్డు మీద పేరు పక్కన ఎం.డి. బదులు డి.ఓ. అని చూసి రాజన్న అనుమానపడ్డాడు. డాక్టరమ్మనే అడిగాను. డి.ఓ. అంటే ఆస్టియోపతీ డాక్టరట, వైద్యవిద్య అంతా ఎం.డి. వాళ్లదేనట: మందులూ, ఆపరేషన్లూ, ఆస్పత్రి డ్యూటీలూ. దానికి తోడు చదివినన్నాళ్లూ విద్యార్థులు ఒకరినొకరు బల్లమీద పడుకోబెట్టుకుని ఎముకల్నీ కండరాల్నీ తడిమి నేర్చుకుంటారట. పుత్తూరు పోలిక మనసులోనే వెనక్కి తీసుకున్నాను.

రాజన్న చొక్కా ఎత్తి నడుము చూపించాడు. ఆవిడ ముందు అతన్ని నడిపించింది, పాదాలు ఎత్తి చూసింది, తర్వాత వెన్ను వెంట ఒక్కొక్క ఎముకనీ వేలితో తాకుతూ వచ్చింది. ఒకచోట మెల్లిగా తట్టేసరికి రాజన్నకి ఊపిరి ఆగినంత పనైంది. ఆవిడ వెంటనే చేతులు తీసేసి, ఎప్పుడైనా పడ్డాడా అని నన్నడిగింది. ఆ ప్రశ్న రాజన్నకి తెలుగులో చెప్పాను.

"స్కాఫోల్డింగ్ మీదికెల్లి పడ్డ సార్. అన్‌ఫిట్ అని రాస్తరని ఎవ్వలకు చెప్పలె."

నాకూ అప్పుడే తెలిసింది. ఇప్పటిదాకా ఏం వైద్యం చేశారన్నది ఆవిడ రెండో ప్రశ్న. మా క్యాంపులో నడుము పట్టేసిందంటే ఎవరో ఒకరు ఎక్కి తొక్కుతారు. మంగళవారం రాజన్న నడుము తొక్కింది ఎనభై కిలోల నేనే. ఆ మాట ఇంగ్లీషులో చెప్పడానికి సిగ్గుతో చచ్చిపోయాను.

పదకొండింటికి ఎక్స్‌రే వచ్చింది. నడుము దగ్గర ఒక ఎముక ముందువైపు నలిగిపోయి ఉంది. రాజన్న మాత్రం, "ఒక్కసారి నొక్కి పంపుమను సార్. శనివారం నిలవడాలె" అన్నాడు.

"మాకు ముందు నేర్పేది చేత్తో చూడడం. ఎక్కడ నొక్కకూడదో తెలుసుకోవడం కూడా అందులోదే" అందావిడ. నరానికి దెబ్బ తగల్లేదు, అదృష్టం. బెల్టు కట్టుకోవాలి, ఆరువారాలు బరువెత్తకూడదు, తర్వాత మళ్లీ ఫిల్మ్ తీస్తారు. తప్పకుండా అతుకుతుందని చెప్పి కంపెనీకి కాగితం రాసిచ్చింది.

రెండింటికి తిరుగుప్రయాణం. ఈసారి వెనక సీటంతా మాట్లాడుకుని రాజన్నని పడుకోబెట్టాను. కాగితం ఎవరికీ చూపించొద్దని బతిమాలాడు. నేనూ సరేనన్నాను, ఇంజనీరుకి ఏ అబద్ధం చెప్పాలో కూడా అల్లుకున్నాను. బర్కా దాటాక అతనే, నరానికి తగిలి ఉంటే ఏమయ్యేదని అడిగాడు. కాళ్లు పడిపోయేవని ఉన్నదున్నట్టు చెప్పాను. రుస్తాఖ్ చేరేలోగా రెండుసార్లు కాళ్లు ముడిచి, చాపి చూసుకున్నాడు.

ఐదింటికి క్యాంపు ముందు దిగగానే రాజన్న చెయ్యి చాచాడు. కాగితం ఇచ్చాను.

"మీరు ఉండుండ్రి సార్. నేనే జెప్త."

ఆ క్లినిక్‌కి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే: పడిన సంగతి ముందే చెప్పండి. ఆ రోజు డాక్టరమ్మ చేసిన గొప్ప వైద్యం చేతులు వెనక్కి తీసుకోవడం. అందుకే రాజన్న మేస్త్రీ పని వదులుకోవడానికి, ఇంజనీరు కేబిన్ మూడు మెట్లూ తన కాళ్ల మీద తనే ఎక్కాడు.