పంతులమ్మగారి నూతిలో పెట్రోలు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో రాజమండ్రిలో ఒక నీటి పరీక్షల లాబ్‌లో పనిచేసేదాన్ని. ధవళేశ్వరం నుంచి కాలవ గట్టు వెంట వెళ్ళే రోడ్డు మీద ఒక పెట్రోలు బంకు, దాని వెనకే రిటైరైన పంతులమ్మగారి పెంకుటిల్లు ఉండేవి. బంకులో భూమిలో పాతిన పాత ట్యాంకు తుప్పుపట్టి కారడంతో ఆవిడ నూతి నీళ్ళు పెట్రోలు కంపు కొట్టాయి. బంకు యజమాని ట్యాంకు మార్పించాడు, చెడిన మట్టి తవ్వి తీయించాడు, ఆవిడకి కుళాయి పెట్టించాడు. భూమిలోపల నీళ్ళలో కలిసిపోయింది మాత్రం అలాగే ఉండిపోయింది. అది తగ్గుతోందో లేదో చూడడం నా పని.

కొన్ని నెలలకోసారి ఐసుపెట్టెలో గాజుసీసాలు సర్దుకుని బస్సు దిగేదాన్ని. బంకుకీ నూతికీ మధ్య పరీక్ష కోసం సన్నటి బోర్లు వేశారు. ఒక్కోదానిలో నిలవ నీళ్ళు తోడి పారబోసి, కొత్త నీరు ఊరాక సీసా నింపాలి. పనిలో ఉండగా ఎవరైనా పక్కన నిలబడి ప్రశ్నలు వేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఈవిడేమో చర్చి బడిలో జీవితమంతా పాఠాలు చెప్పిన మనిషి. ఊరుకుంటుందా?

“మందేమీ వెయ్యరా అమ్మాయ్?”

“వెయ్యమండి. మట్టిలో కంటికి కనపడని పురుగులుంటాయి, అవే పెట్రోలు తినేస్తాయి. మేం చూస్తూ ఉంటామంతే.”

“చూడ్డానికి జీతమిస్తారా? అయితే నా పెన్షనుకీ నీ జీతానికీ తేడా లేదు!”

అవి తింటున్నట్టు ఎలా తెలుస్తుందని ఇంకో ప్రశ్న. తినేటప్పుడు నీళ్ళలో ఉన్న గాలిని వాడుకుంటాయి, గాలి తగ్గితే తింటున్నట్టే అని చెప్పాను.

“అన్నాల బెల్లు కొట్టాక మా బడిలో గోల తగ్గినట్టన్నమాట,” అంది తృప్తిగా.

ఆదివారం ప్రార్థనలో ఆ పురుగుల ఆకలి కోసం కూడా అడుగుతున్నానని తరవాతెప్పుడో చెప్పింది. పాస్టరుగారికి తెలుసా అంటే, “ఆయనకెందుకూ? వినేవాడు వింటున్నాడు చాలు,” అంది. ఆ రోజు నుంచి ఆవిడ ప్రశ్నల కోసమే కాస్త ముందు బస్సెక్కడం మొదలుపెట్టాను.

ఇంతలో పంచాయతీవాళ్ళు నుయ్యి పూడ్చెయ్యమన్నారు. కుళాయి ఉందిగా, ఎవరైనా తెలియక తాగితే ఎవరిది పూచీ అని వాళ్ళ వాదన. వాళ్ళన్నదీ తప్పు కాదు. కానీ ఆ నుయ్యి పెళ్ళైన కొత్తలో ఆవిడా, ఇప్పుడు లేని భర్తా కలిసి తవ్వుకున్నది. ఆయన లోపల తవ్వుతుంటే పైనుంచి మట్టి తట్టలు లాగింది ఈవిడే.

“నీళ్ళు పడ్డాయే అని లోపల్నించి ఒకటే కేక. ఆ కేక పూడ్చెయ్యమంటే ఎలాగమ్మాయ్?” అని అడిగింది. నా పరీక్షల్లో తగ్గుముఖం కనిపిస్తున్నంత కాలం ఆగుతామని పంచాయతీవాళ్ళు ఒప్పుకున్నారు. నిజంగానే తగ్గుతూ వచ్చింది కూడా.

మరుసటి వేసవిలో, కాలవలకి నీళ్ళు కట్టేసిన రోజుల్లో వెళ్ళాను. నూతిలోంచి నీళ్ళు పైకి తియ్యగానే పెట్రోలు కంపు గుప్పుమంది. నా కోపం సంగతి తెలిసిందేగా, తిన్నగా బంకుకి వెళ్ళి యజమానిని కడిగేశాను. ఆయన బిక్కమొహం వేసి, “కొత్త ట్యాంకండీ, మొన్ననే పరీక్ష చేయించానండీ బాబూ,” అంటున్నాడు. అంతలో పంతులమ్మగారు మజ్జిగ గ్లాసుతో నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

“నువ్వొస్తున్నావని నుయ్యి తోడించానమ్మాయ్. ఇంజను పెట్టించి అడుగంటా తోడించి, పూడిక కూడా తీయించాను,” అంది. మొహం వెలిగిపోతోంది.

మా వైపు ఏటా వేసవిలో నూతులు తోడించడం మామూలే.

“ఎవరు తోడమన్నారండీ?” అని అరిచాను.

“బోర్లలో తోడి పారబోశాకే కదా నువ్వు సీసా నింపేది? నేను చూళ్ళేదా?”

బోరులో నేను తోడేది బిందెడు. నుయ్యి మొత్తం ఖాళీ చేస్తే బంకు వైపు పెట్రోలు కలిసిన నీళ్ళన్నీ ఇటే వచ్చేస్తాయి. మెల్లగా విడమరిచి చెప్పాను. ఆవిడ బంకు అరుగు మీద కూలబడి, “అయితే నా చేతులారా నేనే చేసుకున్నాను,” అంది. బడిపిల్లలందరినీ అదలించిన ఆ గొంతు అలా సన్నబడిపోతే నేను తట్టుకోలేకపోయాను.

ఇద్దరం పంచాయతీ ఆఫీసుకి వెళ్ళి ఇంకో వేసవి దాకా గడువు అడిగాం. బంకు యజమాని కూడా వెనకే వచ్చి మాట సాయం చేశాడు. ఇక ఆవిడ చెయ్యాల్సింది ఒక్కటే, ఏమీ చెయ్యకుండా ఉండడం. పంతులమ్మకి అంతకన్నా శిక్ష లేదు. చెయ్యి ఊరుకోదని గిలక ఊడదీయించి, నూతి మీద చెక్కలు పరిపించింది. నేను వెళ్ళినప్పుడల్లా ఆ చెక్కల వైపు చూస్తూ, “తింటున్నాయా?” అని గుసగుసగా అడిగేది, గట్టిగా అడిగితే అవి మానేస్తాయేమో అన్నట్టు.

కాలవలకి నీళ్ళు వదిలారు, నూతిలో నీళ్ళు పైకొచ్చాయి, వాసన తగ్గింది. మళ్ళీ వేసవి వచ్చింది. ఈసారి నా సీసాల్లో ఏమీ దొరకలేదు. నాకే నమ్మకం కుదరక మళ్ళీ తెచ్చి పరీక్ష చేశాను. తాగొచ్చని రాసి, సంతకం పెట్టి, ఆ కాగితం పట్టుకుని నేనే వెళ్ళాను.

ఆవిడ కాగితం చదవలేదు. గిలక బిగింపించి, చేద వేసి తోడి, స్టీలు గ్లాసుతో ముంచింది. తాగొచ్చని రాసింది నేనే అయినా ఆవిడ మొహం మీంచి చూపు తిప్పలేదు. ఆవిడ సగం తాగి, కళ్ళు మూసుకుంది.

“ఏ రుచీ లేదమ్మాయ్,” అంది. కళ్ళలోంచి నీళ్ళు జలజలా కారిపోతున్నాయి. “ఏ వాసనా లేదు.”

నేను గ్లాసుకి చెయ్యి చాపాను.

“అయ్యో, ఎంగిలమ్మా, ఉండు, వేరే గ్లాసు తెస్తాను.”

వినిపించుకోకుండా లాక్కుని, మిగిలిన సగం తాగేశాను.