మిడతలు పట్టిన లాల్ బీ

పుంగనూరు గాజుల లాల్ బీని గురించి రాయాలంటే నేనే రాయాల. మూడో తరగతితో బడి మానేసినా, చూసింది చూసినట్టు చెప్పడం నాకు తెలుసు. మదనపల్లెలో డాక్టర్ జ్ఞానశేఖర్ బంగళాలో వంట నాదే. తెల్లదొరలు పోయిన మరుసటేడు లాల్ బీ గాజుల గంపతో ఆ వాకిట్లోకి వచ్చింది.

డాక్టరప్పకు మిడతలు కావాల్సొచ్చె. వాటి ఒంట్లో బతికుండే కణం ఒకటి రెండయ్యేది ఆయన ఫోటో తీయాల. కణానికి రంగు పూస్తే బాగా కనపడతాది గానీ చస్తాది. అందుకని అల్ట్రావయలెట్ అనే, కంటికి ఆనని వెలుగు వాడతా ఉండె. మామూలు అద్దంలో అది దూరదంట, సూక్ష్మదర్శినికి స్ఫటికపు అద్దాలు బిగించినాడు. ఆ వెలుగులో రంగు పూయకుండానే కణం నడిమిభాగం ఫోటోలో నల్లగా పడతాది.

సదుం పక్క చేన్లెంబడి తిరిగేది లాల్ బీనే కాబట్టి, మిడతలు తెచ్చే పని ఆమెకు ఒప్పజెప్పినాడు. సంగతి పుంగనూరంతా పాకింది. పురుగులు పట్టే చేతులతో గాజులు తొడిగించుకునేది లేదని ఆడోళ్లు మొహం తిప్పుకున్నారు. ఊర్లో పెద్దింటి రామక్క అయితే కోడలి సీమంతానికి వేరే గాజులామెను పిలుస్తానని చెప్పేసింది. ఆ ఇంట్లో పెళ్లిగాజులన్నీ తొడిగింది లాల్ బీ, ఆమెకు ముందు వాళ్లమ్మ. ఆ వాకిలి పోతే మిగతా వాకిళ్లూ పోతాయి.

ఫోటో ఇస్తే చూపించి నోళ్లు మూయిస్తానని లాల్ బీ డాక్టరప్పను పట్టుకునింది. ఫోటో యాడుండాది? ఆ వెలుగు తగిలి కణాలు సగంలోనే చస్తాండె. రెప్పపాటు వెలుగు వేసి, బాగా ఆగి, మళ్లా వేసే పద్ధతి ఆయనకు చివరికి కుదిరింది. ఫోటో పడింది. దాన్ని తీసుకుని రామక్క ఇంటికి పోయినాము. నేను తోడు పోకుంటే ఎట్ల?

రామక్క అటూ ఇటూ తిప్పింది. "ఏందే ఇది, నడుము నొక్కిన కజ్జికాయా?"

"మిడత ఒంట్లోని కణమమ్మా," అనింది లాల్ బీ. "బతికుండంగానే రెండవుతాండాది. నీ కోడలి కడుపులో బిడ్డ పెరిగేదీ ఇట్లనే."

"నా మనవడు మిడతనా?"

"ఎగిరినప్పుడు సూద్దాంలే," అనింది లాల్ బీ. "లోపల జరిగే పని మటుకు ఒకటే. అది పట్టి తెచ్చిన చేతులు నీకు మైలయినాయా?"

తలుపు వెనకనుంచి కోడలు కిసుక్కున నవ్వింది. బయటికొచ్చి ఫోటో తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత అత్త ముందరే చెయ్యి చాపి, "కొలత సూడక్కా," అనింది.

రామక్క గొణుగుతానే చెంబుతో నీళ్లు తెచ్చి లాల్ బీ చేతుల మీద పోసింది. లాల్ బీ కొంగుకు తుడుచుకుని, ఆ పిల్ల పిడికిలి నొక్కి చూసి, పచ్చగాజులు బాగుంటాయని చెప్పింది. సీమంతం నాడు తొడిగింది ఆమెనే.