ఇంగ్లీషు ఆయమ్మ చదివిన మాట

మా వార్డులో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న ఆయమ్మకి అసలు పేరొకటి ఉంది. హాజరు పట్టీలో తప్ప అది ఇంకెక్కడా కనబడదు. అందరికీ ఆమె ఇంగ్లీషు ఆయమ్మ. ఎవరో ఎగతాళికి పెట్టిన పేరు అది, కానీ ఆమె దాన్ని మురిపెంగా మోసుకు తిరిగింది. నేను అదే వార్డులో నర్సుని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో సగం తప్పు నాది, ఆ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిక.

ఆమె పనిలో చేరిన మొదటి వారం సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. పెద్ద డాక్టరు ఐదో నెంబరు మంచం దగ్గర ఆగి, ఇతనికి డ్రెస్ చేయించండి అన్నాడట. పుండు కడిగి కట్టు కట్టమని ఆయన ఉద్దేశం. ఆమెకి తెలిసిన డ్రెస్సు ఒంటి మీద వేసుకునేదే. ఆ రోగికి ఉతికిన చొక్కా తొడిగి, గుండీలు పెట్టి, తల దువ్వి, ఫొటోకి కూర్చోబెట్టినట్టు దిండ్లకి ఆనించి కూర్చోబెట్టింది. వార్డు వార్డంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆ పూట ఆమె భోజనం చెయ్యలేదట. మర్నాటి నుంచే అక్షరాలు మొదలుపెట్టింది.

ఆమెకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మందు డబ్బాల మీద, తలుపుల మీద, సెలైన్ సీసాల మీద ఉన్నవి కూడబలుక్కుంటూ, కనబడిన ప్రతివాళ్ళనీ అడుగుతూ నేర్చుకుంది. పదేళ్ళు తిరిగేసరికి నా చేతిరాత కూడా చదివేసేది. నా రాత కోడి గెలికినట్టు ఉంటుందని మా ఇంట్లోవాళ్ళే అంటారు, అలాంటిది మందుల షాపువాడు చీటీ పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చేవాడు. ఇక రోగుల సంగతి చెప్పక్కర్లేదు. డాక్టరు గడగడా నాలుగు ముక్కలు చెప్పి వెళ్ళిపోగానే డబ్బా ఆమె చేతిలో పెట్టి, కాస్త చూడు ఆయమ్మా అనేవారు. ఆమె చీపురు గోడకి ఆనించి, కళ్ళద్దాలు సవరించుకుని, మందు పేరు దగ్గర్నుంచి తేదీ దాకా చదివి వినిపించేది. అలా చదివే రెండు నిమిషాలూ ఆమె మా అందరికంటే పొడుగ్గా కనబడేది.

చిక్కల్లా ఒక్కటే. ఆమె లెక్కలో ఒక మాటకి ఒకటే అర్థం. ఒకసారి నేర్చుకుందంటే దాన్ని ముడి వేసి దాచుకునేది, మళ్ళీ విప్పి చూసేది కాదు.

ఎనిమిదో నెంబరు మంచం ఒక వడ్రంగిది. పని చేస్తుండగా ఉలి జారి పాదంలో దిగింది. అసలే షుగరు మనిషి. కుట్లు వేసి ఉంచితే నాలుగో రోజు పొద్దున చీము కనబడింది. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, పూట తప్పకుండా ఇంజెక్షను పడాలని, చీము పైకి పాకితే మోకాలి దాకా తీసెయ్యాల్సి వస్తుందని చెప్పాడు. రోజంతా నిలబడి చిత్రిక పట్టేవాడికి కాలు పోతే చేతులు రెండూ ఉండి ఏం లాభం? నాకు భయం వేసింది. గాయం కారుతోందన్న సంగతి వెంటనే కేసు షీటులో రాశాను. ఇంగ్లీషులో అలా కారడాన్ని కూడా డిశ్చార్జి అనే అంటారు. గీత మీద చోటు చాలక ఆ ఒక్క మాటా కింద ఒంటరిగా పడింది.

వడ్రంగికి ఆ చీము గొడవ పట్టలేదు. షుగరు వల్ల కాలికి నొప్పి సరిగ్గా తెలియదు కదా. ఇంటికెప్పుడు పంపిస్తారని వచ్చేపోయే వాళ్ళందర్నీ కాల్చుకు తింటున్నాడు. పదిన్నరకి ఆపరేషన్ గదిలో మనిషి తక్కువైందని నాకు పిలుపొచ్చింది. నేను పరిగెడుతుంటే ఆయమ్మ ఎదురొచ్చి ఎనిమిదో నెంబరు గురించి ఏదో అడగబోయింది. ప్రతిదానికీ నన్నే అడగాలా, చదవడం వచ్చుగా, చూసి చెప్పు అని కసిరి వెళ్ళిపోయాను.

ఆమె చూసింది. చూసి, చెప్పింది.

ఒంటిగంటకి నేను ఇంజెక్షను పట్టుకుని వస్తే ఎనిమిదో నెంబరు మీద దుప్పటి మార్చేసి ఉంది. మనిషి లేడు, మంచం కింద సంచీ లేదు, చెప్పులు లేవు. ఎక్సరేకి తీసుకెళ్ళారేమో అనుకున్నాను. ఆయమ్మ నవ్వు మొహంతో వచ్చి, తనే చక్రాల కుర్చీలో గేటు దాకా దిగబెట్టానని, కాగితాలు సాయంత్రం వాళ్ళావిడ వచ్చి తీసుకుంటుందని చెప్పింది. 

"ఎవరు పంపించమన్నారు?" అని అడిగాను.

"మీరే రాశారుగా అమ్మా, డిశ్చార్జి అని."

కేసు షీటు ఆమె ముందు పెట్టాను. అక్కడ రాసింది చీము కారడం గురించి అని, ఇంటికి పంపించడానికీ పుండు కారడానికీ ఇంగ్లీషులో అదే మాట అని చెప్పాను. ఆమె కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఆ మాట మీద వేలు పెట్టి చివరి దాకా జరిపింది.

"అక్షరాలు కూడా అవేనా?"

"అవే."

"ఒక్కటి కూడా తేడా లేదా?"

లేదన్నాను. ఆమె అక్కడే గోడకి చేరబడింది. అతని కాలు పోతుందా అని మెల్లిగా అడిగింది.  డ్యూటీ డాక్టరు దగ్గరికి పరిగెత్తితే ఆయన తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టి, ఒక పూట మందు ఎలాగూ పోయింది, రెండోది కూడా పోతే నాది పూచీ కాదు, సాయంత్రంలోగా మనిషిని మంచం మీదికి తెండి అన్నాడు.

రిజిస్టరులో ఉన్న ఫోను అతను పనిచేసే దుకాణానిది. యజమాని ఎత్తి, మనవాడు పనిలోకి రాలేదని, బస్సు ఆగే చోటు నుంచి మూడో సందులో నీలం తలుపు ఇల్లని చెప్పాడు. రెండింటికి నా డ్యూటీ అయిపోయింది. ఆయమ్మకి ఇంకా రెండు గంటలుంది. బకెట్టు ఉన్నచోటే వదిలేసి నా వెనకాలే వచ్చేసింది.

బస్సులో నా పక్కన కూర్చుందన్న మాటే గాని ఒక చోట నిలవలేదు. కిటికీలోంచి చూసేది, లేచేది, మళ్ళీ కూలబడేది. కాసేపటికి నా చెయ్యి పట్టుకుని, ఇలాంటి మాటలు ఇంకెన్ని ఉన్నాయమ్మా అని అడిగింది. చాలానే ఉన్నాయన్నాను. డ్రెయిన్ అంటే మురిక్కాలువేగా అంది. చీము బయటికి తీయడాన్నీ, అందుకు పెట్టే గొట్టాన్నీ కూడా అదే అంటారని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.  ఇరవై రెండేళ్ళలో తను ఎవరెవరికి ఏమేం చదివి చెప్పిందో ఒక్కొక్కటే తవ్వుకోవడం మొదలుపెట్టింది. ఫలానా మూడో నెంబరావిడకి ఇలా చెప్పాను, ఆవిడ మళ్ళీ రానే లేదు, బాగయ్యే రాలేదంటారా అని అడిగింది. అలా నలుగురైదుగురి గురించి అడిగింది. నాకు ఆ మనుషులే గుర్తు లేరు. బాగయ్యే ఉంటారులే అన్నాను, ఆ మాట నాకే అతికినట్టు లేదు.

నీలం తలుపు తెరిచే ఉంది. అంత ఎండలో వడ్రంగి రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతూ పడుకున్నాడు. నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది. కట్టు పసుపుపచ్చగా తడిసి, తడి మడమ దాకా వచ్చింది. వాళ్ళావిడ మమ్మల్ని చూసి కాగితాలు తెచ్చారనుకుని సంతోషంగా కుర్చీ వేసింది. మంచం మీంచి అతను కూడా నవ్వాడు. సొంత మంచం మీద పడుకుంటే సగం రోగం పోయిందట.

నేను సంగతంతా చెప్పాను. తప్పు నాదేనన్నాను, వెంటనే బయల్దేరాలన్నాను. అతని నవ్వు పోయింది.

"కాగితం మీద డిశ్చార్జి అని ఉందా లేదా?"

"ఉంది."

"చదివింది ఆయమ్మేనా?"

"అవును."

"మరింకేం."

ఒక మాటకి రెండర్థాలున్నాయంటే అతను వినలేదు. మీకు కావలసినప్పుడు ఒక అర్థం, అక్కర్లేనప్పుడు ఇంకో అర్థమా, అలా అయితే మనుషులు మాట్లాడుకునేదెలా అన్నాడు. కాలు కోసి చూడాలని డాక్టరుకి బుద్ధి పుట్టి ఉంటుందని, అది చెప్పలేక ఈ పిట్టకథ అల్లుకొచ్చామని, పాపం ఆయమ్మని అడ్డం పెట్టుకున్నామని అన్నాడు. ఆయమ్మ చదివిందంటే దానికి తిరుగు లేదట. మా చదువులన్నీ ఆవిడ ముందు దిగదుడుపేనట. వాళ్ళావిడ బతిమాలినా, నేను కాలు గురించి ఉన్నదున్నట్టు చెప్పి భయపెట్టినా, అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాలుగు దాటింది. నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

అప్పటిదాకా గుమ్మం దగ్గరే నిలబడ్డ ఆయమ్మ వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"నాయనా, ఇటు తిరుగు. నాకు ఇంగ్లీషు రాదు."

అతను తిరిగి చూశాడు. మరి నాలుగు రోజులు నాకు అన్నీ చదివి చెప్పావుగా అన్నాడు.

"సిస్టరమ్మ చెప్పింది విని చెప్పేదాన్ని. చదివినట్టు నటించేదాన్ని. ఈ రోజు సిస్టరమ్మ లేదు, నోటికొచ్చింది చెప్పాను."

అతను నమ్మలేదు. తలగడ పక్కనున్న మాత్రల డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టి, దీని మీద ఏముందో చదువు చూద్దాం అన్నాడు. ముందు రోజు సాయంత్రం ఆ డబ్బాని ఆమె అతనికి అక్షరం పొల్లుపోకుండా చదివి వినిపించింది, నేను పక్కనే ఉన్నాను. ఆయమ్మ డబ్బా తీసుకుంది. కళ్ళద్దాలు సవరించుకుంది. డబ్బాని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఏమో నాయనా," అంది. "ఏం రాసుందో ఎవరికి తెలుసు."

వడ్రంగి ఆమె చేతుల్లో తలకిందులుగా ఉన్న ఆ అక్షరాలు చూశాడు. చదువు రాకపోయినా ఆ డబ్బా మీది బొమ్మ ఎటు పైకుండాలో అతనికి తెలుసు.  తర్వాత దుప్పటి తీసేసి, నన్ను లేపండి అన్నాడు.

ఆరు కాకముందే ఇంజెక్షను పడింది. రెండు రోజులు ప్రాణాలు ఉగ్గబట్టుకున్నాం. ఆయమ్మ పొద్దున రాగానే చీపురైనా పట్టకుండా ఎనిమిదో నెంబరు దగ్గరికి వెళ్ళి, దుప్పటి ఎత్తి కాలు ఉందో లేదో చూసుకునేది. మూడో రోజుకి జ్వరం దిగింది. చిటికెన వేలు పోయింది గాని కాలు నిలిచింది.

ఆమెతో చాలాసార్లు చెప్పాను, ఆమెకి చదవడం వచ్చన్న సంగతి నేను వడ్రంగికి చెప్తానని. వద్దంది. వాడు నాకు రాదన్న మాట నమ్మి వచ్చాడు, అది అబద్ధమని చెప్తే రేపు మీరు చెప్పింది నమ్మడు అంది. అదీ నిజమే.

తర్వాత వారం తొమ్మిదో నెంబరుకి కొత్త రోగి వచ్చాడు. అతని చెల్లెలు మందు చీటీ పట్టుకుని దిక్కులు చూస్తూ, కళ్ళద్దాలు పెట్టుకున్న ఆయమ్మని చూసి ఆమెకి అందించబోయింది. పక్క మంచం మీంచి వడ్రంగి మెల్లిగా, ఆమె మనసు నొచ్చుకోకుండా, "ఆవిడకి రాదమ్మా, సిస్టర్‌ని అడగండి," అన్నాడు. ఆ చీటీ నేను రాసిందే. ఆయమ్మ కళ్ళు దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడవడం నేను చూశాను.

"అవునమ్మా, నాకు రాదు," అని, ఆమె బకెట్టు తీసుకుని అవతలి వరసకి వెళ్ళింది.