ఎనిమిదో తరగతి నిండు హాజరు

ఆయాసంతో మూడు రోజులుగా మంచం దిగని మా మనవరాలి హాజరు తగ్గిందనీ, వెంటనే సంజాయిషీ ఇవ్వాలనీ పొద్దున్నే బడి నుంచి మా అమ్మాయి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. డాక్టరు చీటీ రెండుసార్లు పంపామండీ అని చెబుదామని ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనడమే గానీ మనిషన్నవాడు పలకడు. ఒళ్ళు మండి ఆటో ఎక్కి నేనే వెళితే, ముందుగా అడిగి రావాలమ్మా అని గేటు దగ్గరే ఆపేశారు. బెజవాడ ఎండలో ఇంటికి తిరిగొచ్చి ఇంకా విసుక్కుంటూనే ఉన్నాను గానీ, ఆ విసుగులో సగం నా మీద నాకే. నా ఈడువాళ్ళు మీరు, మీ దగ్గర దాపరికం దేనికి?

ఏనాటి మాటో, అప్పుడే కొత్తగా ఉద్యోగంలో చేరి కొండపల్లి హైస్కూల్లో ఎనిమిదో తరగతికి క్లాస్ టీచర్నయ్యాను. బొమ్మలకు గిరాకీ వచ్చిందంటే చాలు, రంగులెయ్యడానికని పిల్లల్ని ఇంట్లోనే ఉంచేసుకునేవారు; మామిడికాయల కాలమొస్తే ఇక చెప్పనే అక్కర్లేదు. బతిమాలి, కేకలేసి విసిగిపోయి, వారమంతా ఒక్కరూ మానకపోతే శనివారం ఆఖరి పీరియడ్ ఆటలే అన్నాను. మంత్రం వేసినట్టు బెంచీలన్నీ నిండిపోయాయి, ఒక్క పిల్ల తప్ప. మూడు వారాలకోసారి, తప్పకుండా రెండు రోజులు మానేది. క్లాసంతా ఆ పిల్ల మీద గుర్రుమనేది. ఎందుకు మానుతోందో అడగాలని తోచలేదు నాకు. ఒక సోమవారం అందరి ముందూ నిలబెట్టి, "నీ ఒక్కదాని మూలంగా నలభైమందికీ ఆటలు పోతున్నాయే!" అన్నాను.

ఆ తర్వాత ఆ పిల్ల ఒక్కరోజు మానితే ఒట్టు. నేను పొంగిపోయి భేషని మెచ్చుకున్నాను, స్టాఫ్ రూములో నా ఉపాయం గురించి గొప్పలు కూడా చెప్పుకున్నాను. అలా నాలుగు నెలలు గడిచాయో లేదో, వానల్లో ఒకరోజు మోకాళ్ళు వాచి, జ్వరంతో, ఊపిరి అందక మెట్ల మీదే కూలబడిపోయింది. కబురందుకుని పరుగెత్తుకొచ్చిన వాళ్ళమ్మ నన్ను ఒక్క మాట నిందించలేదు. "గుండె జబ్బండీ దానికి. మూడు వారాలకోసారి బెజవాడ పెద్దాసుపత్రిలో సూది పొడిపించాలండీ. బడి మానితే టీచరు గారు ఊరుకోరు, రానంటే రానని ఏడిచిందండీ. చదువు మీద శ్రద్ధ కదా అని నేనూ ఊరుకున్నానండీ," అంది.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వారం తర్వాత, ఆసుపత్రి నుంచి తీసుకొచ్చారని తెలిసి వాళ్ళింటికి వెళ్ళాను. నన్ను చూడగానే ఆ పిల్ల లేవబోయి, లేవలేక, "సోమవారం నుంచి వచ్చేస్తానండీ టీచర్," అంది. రావద్దే తల్లీ, తగ్గేదాకా రావద్దు అంటూ పట్టుకుని మళ్ళీ పడుకోబెట్టాను.

తర్వాత, సూది రోజుల్ని మానినట్టు లెక్కెయ్యొద్దని హెడ్మాస్టరు గారితో గొడవపడ్డాను. రిజిస్టరులో సున్నా పెట్టక తప్పదు, కావాలంటే ఆటలు నీ ఇష్టం అన్నారాయన. సూది రోజున ఆ పిల్ల రాకపోయినా ఆటలు ఆగలేదు. ఆ రోజు పాఠాలు పక్క బెంచీ పిల్ల రాసి సాయంత్రం ఇంట్లో ఇచ్చొచ్చేది. అయినా ఆ ఏడాది పరీక్షలు పోయాయి, ఎనిమిదే మళ్ళీ చదివింది. పదో తరగతి మాత్రం పాసయింది. గుండె అప్పటికన్నా పాడైందని డాక్టర్లన్నారు. పెళ్ళీడుకు ముందే ఆపరేషనైంది. ఇప్పుడు కొండపల్లిలోనే ఉంది, కనపడితే నవ్వుతూ పలకరిస్తుంది, మెట్లు మాత్రం ఎక్కలేదు.

ఈ రోజుల్లో జబ్బు పిల్లలకు కాగితాలున్నాయి, మినహాయింపులున్నాయి, మంచిదే, మాకవేవీ తెలియవు. మాకు తెలిసిందల్లా ఏ పిల్ల ఏ వీధిలో ఉంటుందన్నదే. ఇప్పుడది ఎవరికీ తెలియక్కర్లేదు. తెలిసుండీ, బడికి రెండు వీధుల అవతలున్న ఆ పిల్ల గడప తొక్కడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.